బెల్లుకు ముందు ఇరవై నిమిషాలు

గంటసేపు నిలవాల్సిన పెట్టె వణికించే బల్ల మీద ఇరవై మూడో నిమిషంలో చచ్చిపోయింది.

అరచేయంత పెట్టె అది. విమానం కిందికి దిగేటప్పుడు చక్రాలు బయటికొచ్చాయో లేదో పైలట్‌కి చెప్పేది అదే. వస్తే ఆకుపచ్చ దీపం, రాకపోతే ఎర్ర దీపం. ఇప్పుడు రెండూ వెలగడం లేదు.

"పదిహేడక్కని పిలవండి," అన్నాడు భూతద్దం.

భూతద్దం తనిఖీ విభాగంలో పెద్దాయన. మైక్రోస్కోపులోంచి లోకాన్ని చూసి చూసి, ఎదురుగా నిలబడ్డ మనిషిని గుర్తుపట్టడానికి కూడా ఒక కన్ను మూసుకుంటాడు. ఇక పదిహేడక్క టంకం వేసే ఆవిడ. ఆమె పూర్తి చేసిన ప్రతి పెట్టె కాగితం మీదా గుండ్రటి చిన్న ముద్ర పడుతుంది. ఆ ముద్రలో 17 అని ఉంటుంది. ఆమె అసలు పేరేమిటని అడిగితే షెడ్డులో సగం మంది హాజరు పట్టీ చూసి చెప్పాల్సిందే.

ఆమె మణికట్టుకున్న ఎర్తు పట్టీ విప్పుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. స్టూలు లాక్కుని మైక్రోస్కోపు మీదికి వంగింది.

పెట్టెలో తీగ అతికే పిన్ను చివర బియ్యపుగింజలో సగం ఉండే గుంట. తీగ అందులో కూర్చుని ఉండాలి. కానీ గుంట పక్కన పడుంది. మంచి అతుకు తెగితే పాకంలా సాగి తెగుతుంది. ఇది సుద్దముక్కలా అడ్డంగా, చదునుగా విరిగింది.

"నీ చేతిది కాదిది," అన్నాడు భూతద్దం గొంతు తగ్గించి. "అల్లుడుగారి నిర్వాకం."

అల్లుడుగారంటే కొత్తగా వచ్చిన లేజరు యంత్రం. షెడ్డు మొత్తానికి నాలుగు ఫ్యాన్లు. దానికి మాత్రం అద్దాల గది, ఏసీ, చెప్పులు విప్పి లోపలికి వెళ్లే మర్యాద. టంకం వేసే వేడి కడ్డీ తగలదు, పొగ రాదు. దారమంత వెలుగు పిన్ను మీద వాలుతుంది, రెండు సెకన్లలో అతుకు. కొనేవాళ్ల తనిఖీ బృందం చూసి ఒప్పుకునేదాకా దానికి సొంత ముద్ర లేదు. అందుకని, "ఆరు వారాలు మీ ముద్రే కొట్టండమ్మా, మీ పర్యవేక్షణలో నడుస్తున్నట్టు," అన్నాడు మేనేజరు. ఆమె కొట్టింది. నలభై పెట్టెలు వెళ్లిపోయాయి. ఇది నలభై ఒకటోది.

ప్రతి పెట్టెనీ పది నిమిషాలే వణికిస్తారు. నలభై దాటాక ఒకదాన్ని మాత్రం గంటసేపు. అదీ ఇక్కడి పద్ధతి.

"ఎందుకు విరిగిందో నీకేమైనా తోస్తోందా?" అన్నాడు భూతద్దం.

ఆమె చూపు గుంట అంచు మీదే ఉంది. టంకం తగలని చోట పిన్ను పసుపుగా, పెళ్లికూతురి మెడలా మెరుస్తోంది.

"చూడాలి," అంది. అబద్ధం. చూడగానే తెలిసింది.

మేనేజరు గదిలో మూడు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో మేనేజరు, ఒకదాంట్లో లేజరు ఇంజనీరు. మూడోదాంట్లో ఫైళ్లున్నాయి. వాటిని ఎవరూ తీయలేదు.

"అమ్మా, గురువారం తనిఖీ బృందం వస్తోంది," అన్నాడు మేనేజరు. "అల్లుడుగారికి..." నాలుక కరుచుకున్నాడు. "యంత్రానికి అనుమతి వచ్చే రోజు. ఈలోగా ఇది. కారణం రాయాలి కదా. తక్కువ వేడి, పనిచేసిన మనిషి పొరపాటు. దీన్ని అతికిన రోజు మీకు ఒంట్లో బాగాలేదు. ఆ రోజువి నాలుగు పెట్టెలు వెనక్కి పిలుస్తాం. మీరు మూడు రోజులు శిక్షణ తరగతికి వెళ్తారు, మళ్లీ ముద్ర తీసుకుంటారు. పాము చావదు, కర్ర విరగదు."

"ఆ రోజు నాకు ఒంట్లో బాగానే ఉంది సార్."

"ఉంటుంది. మీకేం, ఉక్కు మనిషి."

"వేడి పెట్టింది యంత్రం."

"ముద్ర మీది."

ఇంజనీరు తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. మంచివాడే. యంత్రానికి నేర్పడానికి మూడు రోజులు ఆమె బల్ల మీద కెమెరా పెట్టి, ఎంతసేపు వేడి పెడుతుంది, ఎప్పుడు తీస్తుంది, ఎంత సోల్డరు పోస్తుంది, అన్నీ కొలిచాడు. పొద్దున్నే ఆమెకి నమస్కారం పెట్టేది ఆ షెడ్డులో ఇద్దరే. ఒకడు వాచ్‌మన్, రెండోవాడు ఇతను.

"యంత్రం మీద అనుమానమని రాస్తే?" అందామె.

మేనేజరు నిట్టూర్చాడు. "రాయండి. కమిటీ వేస్తారు. యంత్రం అమ్మినవాళ్లు వస్తారు, మన తప్పు కాదంటారు. కొన్నవాళ్లు వస్తారు, రుజువేదంటారు. మూడు నెలలు. అది తేలేదాకా ఒక్క పెట్టెనీ ఎవరూ వెనక్కి పిలవరు, ఎగురుతూనే ఉంటాయి. అదే మనిషి తప్పు ఒప్పుకున్నాడనుకోండి, ఒక్క రోజులో తేలిపోతుంది. మనుషుల విషయంలో అందరికీ నమ్మకం ఎక్కువమ్మా."

"ఎన్ని ఎగురుతున్నాయి?"

"ఇరవై రెండు బిగించారు," అన్నాడు ఇంజనీరు, తల ఎత్తకుండానే.

"రేపు సాయంత్రం దాకా ఆలోచించుకోండి," అన్నాడు మేనేజరు. "అన్నట్టు ఆ యంత్రం నడిపేది మీ తోడికోడలే కదా. దాని మీద మాట వస్తే ముందు వెళ్లేది తనే. నేనేం బెదిరించడం లేదు."

బెదిరించనివాళ్లెవరూ ఆ మాట అనరు. ఆమె తలుపు మెల్లగా వేసి వచ్చింది.

తోడికోడలు పైవాటాలో ఉంటుంది. ఇద్దరికీ కుళాయి ఒకటే, మెట్ల కింద. సాయంత్రం నీళ్లొచ్చే వేళకి ఇద్దరూ అక్కడే తేలతారు.

"అక్కా, ఊళ్లో వాళ్లందరూ నాకే చెప్తున్నారు, నువ్వు తప్ప," అంది తోడికోడలు బిందె కింద పెట్టి. "నన్ను నిలబెడతావా, ముంచుతావా? అదొక్కటీ చెప్పెయ్. ముంచేదైతే ఈ బిందె నువ్వే మొయ్యి."

పదిహేడక్క నవ్వలేదు. "ట్రేలో పిన్నులు ఎలా వస్తున్నాయి నీకు?"

"ఎలా ఏముంది, స్టోరులోంచి వచ్చినట్టే. కవరు చింపుతాను, ట్రేలో గుచ్చుతాను, మీట నొక్కుతాను."

"పసుపుగానే?"

"బంగారం పూత కదా, పసుపుగా కాక ఊదాగా ఉంటుందా?"

"ఆ బంగారం తీసెయ్యాలి."

తోడికోడలు కుళాయి కట్టేసింది.

"గుంట నిండా సోల్డరు పోసి, కరిగి ఉండగానే రాగి అల్లిక పట్టీ పెట్టి పీల్చెయ్యాలి," అంది పదిహేడక్క. చేతులు గాల్లోనే ఆ పని చేస్తున్నాయి. "మళ్లీ పోసి, మళ్లీ పీల్చాలి. రెండుసార్లు. అప్పుడు గుంట వెండిలా తెల్లబడుతుంది. అప్పుడు తీగ పెట్టి అతకాలి. తీయకపోతే బంగారం సోల్డరులో కలిసి అతుకు పెళుసైపోతుంది. చూడ్డానికి చక్కగా ఉంటుంది. వణికితే విరుగుతుంది."

"ఇది మనకిచ్చిన పని షీట్‌లో లేదే."

"ఉండేది. పదకొండేళ్ల కిందట ఏ పనికి ఎంతసేపో కొలవడానికి గడియారం పట్టుకుని ఒకాయన వచ్చాడు. ఒకే పని రెండుసార్లు ఎందుకని కొట్టేశాడు. నేను అడిగాను. బంగారం పూత ఇప్పుడు పల్చగా వస్తోంది, అక్కర్లేదన్నారు. షీట్‌లో లేని పని చేస్తే ఉద్యోగం పోతుందన్నారు."

"మరి నువ్వు?"

"బెల్లు కొట్టాకే కదా షీటు."

తోడికోడలికి వెలిగింది. పదకొండేళ్లుగా అందరికంటే ఇరవై నిమిషాలు ముందు వెళ్లే మనిషి. ఆ రోజుకి కావాల్సిన పిన్నులన్నీ ముందే తెల్లగా చేసి ట్రేలో పెట్టుకునే మనిషి. "నేను టీ తాగడానికి వెళ్తున్నావనుకున్నానక్కా. ఇంట్లో బావగారి టీ తాగలేక."

"అందరూ అదే అనుకున్నారు."

"మరి నాకు చెప్పలేదేం?"

బిందె నిండలేదు. కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. పదిహేడక్క దాన్ని గట్టిగా తిప్పింది, అయినా కారుతోంది.

"మొదటి రోజు అద్దాల గది బయట నిలబడి చూశాను," అంది. "నీ ట్రే పసుపుగా ఉంది. చూశాను."

"చూసి?"

"ఊరుకున్నాను."

"ఎందుకక్కా?"

"మూడు రోజులు నా చేతిని ఫోటోలు తీసి, నాలుగో రోజు నా బల్ల గోడవైపు జరిపారు. అల్లుడుగారి ప్రతాపం చూద్దామనుకున్నాను. మొదటి పెట్టే విరుగుతుంది, అక్కా ఏమిటిది అంటూ వస్తారు, అప్పుడు చెప్దామని." బిందెని కుళాయి కిందికి జరిపింది. "విరగలేదు. రెండోదీ విరగలేదు. పది నిమిషాలే కదా వణికించేది. ముద్ర కొట్టాను. పదోది వెళ్లేసరికి చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలి? నలభైకి కొట్టాను ముద్ర."

తోడికోడలు కొంగు నడుముకి బిగించుకుంది. తర్వాత బిందె ఎత్తుకుంది. పైమెట్టు మీద ఆగి, "నువ్వు ఇలాంటిదానివని అనుకోలేదు," అంది. తిట్టినట్టు లేదు. ఏదో వస్తువు పోయినట్టు అంది.

మర్నాడు పొద్దున్న బెల్లుకు ముందు ఇరవై నిమిషాలకి ఆమె తన బల్ల దగ్గరుంది. ఫోను చేసి పిలిస్తే ఇంజనీరు కూడా వచ్చాడు, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోకుండానే.

"కూర్చో నాయనా. కెమెరా అక్కర్లేదు."

రెండు పిన్నులు బిగింపులో నిలబెట్టింది. రెండూ పసుపువే. ఒకదాని గుంటలో టంకం పట్టేలా ఫ్లక్స్ చుక్క వేసి, కడ్డీ ఆనించి, సోల్డరు అందించింది. గుంట నిండి చిన్న అద్దంలా వణికింది. రాగి పట్టీ చివర ఆనించగానే ఆ అద్దం పట్టీలోకి పాకి మాయమైంది. మళ్లీ నింపింది. మళ్లీ తీసింది. పట్టీని కత్తిరించి పారేసింది. ఇప్పుడు గుంట లోపల వెండిరంగు. రెండో పిన్నుని ముట్టుకోలేదు.

రెండింటిలోనూ తీగలు పెట్టి ఒకే వేడితో, ఒకేలా అతికింది. చల్లారాక పట్టకారు ఇంజనీరు చేతికిచ్చింది.

"తీగ పట్టుకుని మెలితిప్పుతూ లాగు. ముందు తెల్లదాన్ని."

లాగాడు. మెడ నరాలు తేలాయి. తీగ పోచలు ఒక్కొక్కటీ తెగాయి కానీ అతుకు వదల్లేదు.

"ఇప్పుడు రెండోది."

నాలుగోసారి మెలితిప్పగానే పుటుక్కుమంది. ఆ చప్పుడు చాలా చిన్నది. ఇంజనీరు పట్టకారు బల్ల మీద పెట్టేశాడు, వేడిగా ఉన్నట్టు.

"వెంట్రుకవాసి తేడా లేకుండా నేర్పానక్కా," అన్నాడు. "మీ చెయ్యి ఎంతసేపు ఆగిందో అంతే. సెకనులో పదోవంతు కూడా వదల్లేదు."

"బెల్లు కొట్టాక నేర్పావు నాయనా."

అతను ముఖం రుద్దుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయేమో, ఫ్లక్స్ పొగకి కూడా తిరుగుతాయి. "గురువారం అయిపోనివ్వండి. తర్వాత షీట్‌లో నేనే చేరుస్తాను. ఒట్టు. ఇప్పుడు చేరిస్తే ఇన్నాళ్లూ ఎందుకు లేదంటారు. అనుమతి ఆగిపోతుంది. నా ఉద్యోగమే కాదు, లైన్ మొత్తం..."

"అతికేవాటి సంగతి సరే. ఎగిరేవాటి సంగతి?"

అంతలో బెల్లు కొట్టారు. అందరూ వస్తున్నారు. ఆమె విరిగిన పిన్నుని బల్ల మీంచి చీపురు కుంచెతో ఊడ్చి డబ్బాలో వేసింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది. ఇరవై రెండు విమానాలు. ఎక్కడో ఒక పైలట్ చక్రాల మీట కిందికి వేస్తాడు. ఆకుపచ్చ దీపం కోసం చూస్తాడు. నిజం చెప్తే మూడు నెలలు. మేనేజరు కాగితం మీద సంతకం పెడితే నాలుగు పెట్టెలు వస్తాయి, ముప్పై ఆరు రావు. నోరు మూసుకుంటే ఏదీ రాదు. బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా అని ఆమెకి పని నేర్పిన ముసలాయన నవ్వుతూ అనేవాడు, పట్టీతో బంగారాన్ని పీల్చేస్తూ. ఆ మాట అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది. మెడ మాత్రం ఎవరిదో అయింది.

నాలుగు గంటలకి మేనేజరు గదికి వెళ్లింది. ఈసారి మూడో కుర్చీలో ఫైళ్లు లేవు.

"వచ్చారా. మంచిది," అన్నాడు మేనేజరు. ఫారం ముందుకు తోశాడు. మూడు పొరల ఫారం, మధ్యలో కార్బన్ కాగితాలు. తెల్లది ఆఫీసుకి, పసుపుది ఫైలుకి, గులాబీది కొన్నవాళ్ల ప్రతినిధికి. ప్రతి ఫారానికీ నంబరుంటుంది. రాశాక కొట్టివేత కుదరదు, చింపడం కుదరదు. ఆ రూలు మేనేజరు పెట్టిందే. పైన కారణం టైపు చేసి ఉంది. కింద 'పనిచేసిన వారి వాంగ్మూలం' అని మూడు ఖాళీ గీతలు.

"అక్కడ ఏమీ రాయక్కర్లేదు. సంతకం చాలు."

ఆమె కలం తీసుకుంది. కార్బన్ పడేలా గట్టిగా నొక్కి, బడిపిల్లలా అక్షరం అక్షరం రాసింది.

'ఆరు వారాలుగా పంపిన నలభై పెట్టెల్లోనూ అతుకులు పెళుసని నాకు తెలుసు. తెలిసీ ముద్ర కొట్టాను.'

కింద సంతకం పెట్టి, సంచిలోంచి ముద్ర తీసి, సిరా అద్ది, సంతకం మీద కొట్టింది. 17.

మేనేజరు తలకిందుగానే చదివాడు. అతని ముఖం మెల్లగా సున్నం కొట్టిన గోడయింది. "అమ్మా, ఇదేమిటి? పిచ్చా మీకు? తెలిసీ అని రాస్తే ఏమవుతుందో తెలుసా? జన్మలో కడ్డీ ముట్టనివ్వరు. నలభై పెట్టెలూ వెనక్కి..."

"మనుషుల విషయంలో నమ్మకం ఎక్కువన్నారుగా సార్."

"ఇది అబద్ధం."

"కాదు," అందామె. ఆ రెండ్రోజుల్లో ఆమె తడుముకోకుండా అన్న మాట అదొక్కటే.

తలుపు దగ్గర భూతద్దం నిలబడి ఉన్నాడు, గులాబీ కాగితం కోసం. అతని పనే అది, ప్రతి సాయంత్రం వాటిని పోగుచేసి ప్రతినిధి గదికి పట్టుకెళ్లడం. మేనేజరు చెయ్యి చాచేలోపు ఆమె గులాబీ పొర లాగి అతనికిచ్చింది. భూతద్దం ఒక కన్ను మూసుకుని చదివాడు. రెండో కన్ను కూడా మూసుకున్నాడు. తర్వాత మడతపెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ముద్ర రద్దు చేయడానికి ఒక పద్ధతుంది. బ్లేడుతో రబ్బరు మీద అడ్డంగా గీత గీసి, ఇద్దరు సాక్షుల ముందు కవరులో పెడతారు. గీత ఆమెనే గీయమన్నారు. ఒకటికీ ఏడుకీ మధ్య గీసింది.

నలభై పెట్టెలూ వెనక్కి వచ్చాయి. బుధవారం రాత్రికల్లా బిగించిన ఇరవై రెండూ విప్పారని ఇంజనీరు ఫోను చేసి చెప్పాడు. గురువారం అల్లుడుగారికి అనుమతి కూడా వచ్చింది. తప్పు మనిషిదని రాతపూర్వకంగా తేలింది కదా, ఇక యంత్రానికి అడ్డేమిటి. దానికి సొంత నంబరిచ్చారు.

"షీట్‌లో చేర్చావా?" అనడిగింది.

"వచ్చే సవరణలో అక్కా. ఇప్పుడే అనుమతి వచ్చింది కదా, వెంటనే మారిస్తే..."

ఆమె ఫోను పెట్టేసింది.

ఆదివారం సాయంత్రం భూతద్దం ఇంటికి వచ్చాడు. ముందెప్పుడూ రాలేదు. ఆమె భర్త కుర్చీ వేసి టీ ఇచ్చాడు. భూతద్దం ఒక గుక్క తాగి, గ్లాసు దూరంగా పెట్టాడు.

"పది..." అని ఆగిపోయాడు.

"పిలువు. ఇంకేమని పిలుస్తావ్?"

"పదిహేడక్కా, నలభైతో ఆగలేదు."

ఆమె చూసింది.

"తెలిసీ కొట్టిన మనిషి ముద్ర ఎప్పటిదైనా నమ్మలేం అన్నారు కొన్నవాళ్లు. పదిహేడు ఉన్న పెట్టెలన్నీ రప్పిస్తున్నారు. పదకొండేళ్లవి, అంతకుముందువి కూడా. ఆరు వేల చిల్లర. అతుకులన్నీ ఊడదీసి కొత్తగా వేయాలట. గోడౌన్లో ఉన్నవాటితో నిన్ననే మొదలెట్టారు."

"మంచివి కూడానా?"

"కాగితం మీద మంచీ చెడూ ఉండవక్కా. నంబరుంటుంది."

వాకిట్లో తీగ మీద ఆరేసిన బట్టలు గాలికి కొట్టుకుంటున్నాయి. ఆమె లేచి ఒక క్లిప్పు సరిచేసి వచ్చి కూర్చుంది.

"కొత్తవి ఎవరు వేస్తారు?"

"ఎవరేమిటి. అల్లుడుగారే."

భర్త గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాడు. అప్పుడు అడిగింది. "ఊడదీస్తుంటే ఎలా తెగుతున్నాయి?"

భూతద్దం ముక్కు మీది కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. తుడిచినచోటే మళ్లీ తుడిచాడు. "సాగుతున్నాయి. పాకంలా. నిన్నంతా ఒక్కటీ విరగలేదు. లాగలేక చేతులు బొబ్బలెక్కి, ఎవరేసిందిరా బాబూ ఇవి అని తిట్టుకుంటున్నారు."

సోమవారం పొద్దున్న అలవాటు ప్రకారం మెలకువ వచ్చింది. వెళ్లడానికి చోటు లేదు. మెట్ల కింద కుళాయి దగ్గర కూర్చుని, అది బొట్టుబొట్టుగా కారడం చూస్తోంది.

పైవాటా తలుపు చప్పుడైంది. తోడికోడలు మెట్లు దిగింది, చేతిలో అన్నం సంచి. ఇంకా వేళ కాలేదు. ఇరవై నిమిషాలు ముందే. వారం రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఆమెని దాటి గేటు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి ఆగింది.

"రెండుసార్లేగా?" అంది, వెనక్కి తిరగకుండా.

"రెండుసార్లు. మొదటిసారి పీల్చిన పట్టీ ముక్క మళ్లీ వాడకు. దాంట్లో బంగారం ఉంటుంది."

"ఊఁ." గడియ తీసింది. "షీట్‌లో లేదు కదా. ఇంత పొద్దున్నే వచ్చి ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే?"

"టీ తాగుతున్నానని చెప్పు," అంది పదిహేడక్క.